కంటకి పెట్టిన సంత

నల్లమద్దుల అడవిలో దుప్పులు, కోతులు, కుందేళ్లు, ఉడతలు, ఎలుగుబంట్లు ఉండేవి. ఏటి ఒడ్డున ఒక పొదలో కంటకి అనే ముళ్లపంది కాపురం ఉండేది. నేలలో ఎక్కడ దుంప ఊరిందో వాసన పట్టి చెప్పడంలో ఆమెకు సాటి లేరు.

ఆ అడవికి రాజు లేడు. ఏటా తొలకరి పడగానే జంతువులన్నీ మైదానంలో చేరి పెద్దను ఎన్నుకునేవి. ఉన్న పెద్దే కావాలన్నవాళ్లు కుడివైపు, వద్దన్నవాళ్లు ఎడమవైపు నిలబడాలి. ఎన్నో ఏళ్లుగా ఘుర్ఘురుడు అనే అడవిపందే పెద్ద. ఎడమవైపు ఎవరూ నిలబడేవారు కాదు.

కారణం ఒకటే. ఎవరికి ఏ తిండి దొరికినా ఘుర్ఘురుడి గుహలో అప్పగించాలి. అతను పంచిందే తినాలి.

"మీలో మీరు ఇచ్చిపుచ్చుకుంటే బలమున్నవాడు లేనివాణ్ణి దోచేస్తాడు. అందుకే అంతా నా చేతిమీదుగా జరగాలి" అనేవాడు.

ఒక ఏడు ధవళ అనే కుందేలు ఒంటరిగా ఎడమవైపుకు నడిచింది.

"మంచి గింజలు నీకు, పుచ్చినవి మాకు. నువ్వు మాకు వద్దు" అంది.

ఆమె చెప్పింది నిజమని కంటకికి తెలుసు. అయినా కుడివైపు నుంచి కదల్లేదు. తలొంచుకుని నిలబడింది.

మర్నాటి నుంచి ధవళకు వాటా ఆగిపోయింది. ఏరుకున్న గింజల్నీ ఘుర్ఘురుడి కాపలా పందులు లాక్కునేవి. ఎవరైనా సాయం చేస్తే వాళ్ల వాటా కూడా పోతుందని అందరికీ భయం. కంటకి మూడు రోజులు తటపటాయించింది. నాలుగో రోజు ఒక దుంప దాచి పట్టుకెళ్లింది. అప్పటికే ధవళ పిల్లలు రెండూ ఆకలితో చనిపోయాయి.

"ఇప్పుడెందుకమ్మా ఇది?" అంది ధవళ. ఆ దుంపను ముట్టలేదు. అడవి వదిలి వెళ్లిపోయింది.

కంటకికి ముద్ద దిగలేదు. 'మన తిండి వాడి గుహలో ఉన్నన్నాళ్లూ మన మాట మన నోట్లో ఉండదు' అనుకుంది.

మర్నాడు తాను తవ్విన దుంపలు గుహకు తీసుకెళ్లలేదు. ఏటిరేవులో పరిచి కూర్చుంది. రోమశుడు అనే ఎలుగుబంటి తేనెపట్టుతో అటు వచ్చాడు.

"నాలుగు దుంపలకు ఈ పట్టు ఇస్తాను" అన్నాడు.

"మూడిస్తాను. నచ్చకపోతే తీసుకోకు. ఇక్కడ ఎవరి సరుకుకు వాళ్లే యజమాని."

రోమశుడు నవ్వి తీసుకున్నాడు. ఇంతలో ఘుర్ఘురుడు ఊడిపడ్డాడు.

"ఇది దొంగతనం!" అని అరిచాడు.

"నేను తవ్విన దుంప నేనిస్తే దొంగతనమా?" అంది కంటకి.

కాపలా పందులు ఇద్దర్నీ చావబాదాయి. కంటకి వెనక కాలు విరిగింది. అయినా కుంటుకుంటూ మర్నాడు రేవుకు వచ్చింది. రోమశుడు ఆమె కంటే ముందే వచ్చి కూర్చున్నాడు. తర్వాత కోతులు పళ్లు తెచ్చాయి, ఉడతలు కాయలు తెచ్చాయి. ఎంతమందిని తరుముతారు? గుహకు సరుకు రావడం ఆగింది. చివరికి కాపలా పందులే ఆకలేసి సంతకు వచ్చాయి.

మరుసటి ఏడు తొలకరికి అడవి అంతా ఎడమవైపు నిలబడింది.

"ఇన్నేళ్లూ మీకు తిండి పెట్టాను కదరా!" అన్నాడు ఘుర్ఘురుడు.

"మేం తెచ్చిందే మాకు పెట్టావు" అంది ఒక ముసలి దుప్పి.

అతను ముక్కిపోయిన గింజల మధ్య ఒంటరిగా మిగిలాడు. జంతువులు రోమశుణ్ణి పెద్దను చేశాయి. అందరికంటే ఎక్కువ సంతోషించింది కంటకే.

నెల తిరగకుండానే రోమశుడు సంతకు వచ్చి చాటించాడు.

"ఇకపై నా అనుమతి ఉన్నవాళ్లే ఇక్కడ అమ్మాలి. తేనె మాత్రం ఎలుగుబంట్లే అమ్మాలి. అంతా మీ మంచికే."

కంటకి అతని ముందుకు వెళ్లింది.

"నాతో పాటు దెబ్బలు తిన్నవాడివి. నువ్వు కూడానా?"

"పెద్దరికం బరువు నీకేం తెలుసు?" అన్నాడు అతను, ఆమె ముఖం చూడకుండా.

"వచ్చే తొలకరికి నేను ఎడమవైపు నిలబడతాను."

"నేనూ" అంది ముసలి దుప్పి. "మేమూ" అన్నాయి కోతులు. రేపటి తిండి ఏమవుతుందోనని ఎవరూ వెనకా ముందూ ఆలోచించలేదు. ఎవరి తిండి వాళ్ల దగ్గరే ఉంది.

 రోమశుడు తన మాట వెనక్కి తీసుకున్నాడు. మళ్లీ ఆ ఊసెత్తలేదు.

సంత రోజురోజుకూ పెరిగింది. కంటకి దుంపలకు మంచి పేరు వచ్చింది. కానీ రోమశుడు ఆమె దగ్గర మళ్లీ ఏమీ కొనలేదు. ఆమె కూడా అతన్ని పలకరించలేదు. తేనె కావలసినప్పుడు రేవు ఆ చివరికి కుంటుకుంటూ వెళ్లి, ముఖం తెలియని ఎలుగు దగ్గర కొనుక్కునేది.

నీతి: తిండి ఒక్కడి గుప్పిట్లో ఉంటే ఓటు కూడా వాడి గుప్పిట్లోనే ఉంటుంది. ఎవరి కష్టాన్ని వాళ్లు స్వేచ్ఛగా అమ్ముకోగలిగిన చోటే ప్రజలు ఏ పెద్దనైనా, చివరికి తమవాడినైనా, కాదనగలరు.