వేట బిళ్ళ, ఉప్పు గుర్రం

సముద్రం ఒడ్డున గంగుపాలెం అనే ఊళ్ళో బుచ్చెన్న అనే ఉప్పు వర్తకుడు ఉండేవాడు. ఏ వస్తువైనా చేతికి రావడానికి ఎంతవుతుందని అడిగేవాడే గానీ, వచ్చాక ఎంతవుతుందని ఒక్కనాడూ అడిగేవాడు కాదు. ఒకసారి చవగ్గా వస్తోందని పడవ తెరచాప కొన్నాడు. పడవ లేదు. ఆ తెరచాప ఇంట్లో ఎలకలకి పరుపైంది. ఇలాంటివాణ్ణి మీరూ చూసే ఉంటారు. ప్రతి ఊళ్ళోనూ ఒకడుంటాడు, మా వీధిలో అయితే ఇద్దరు.

అతని ఇంట్లో నిజంగా పనికొచ్చేది ఒక్కటే, చుక్క అనే ఆడగుర్రం. రెండు ఉప్పు బస్తాలు వీపుకి చెరోపక్క వేసుకుని కొండ కింద సంత దాకా నడిచేది. తిరుగుదారిలో చింతపండు, పసుపు మోసుకొచ్చేది. ఆ ఇంట్లో పొయ్యి వెలుగుతోందంటే చుక్క నడుస్తోందన్నమాట. ఈ సంగతి బుచ్చెన్న కంటే అతని భార్య పైడమ్మకి బాగా తెలుసు. బస్తా ఎత్తే ముందు రోజూ గుర్రం నాలుగు కాళ్ళూ తడిమి చూసేది.

సంత అవతలి కొండలన్నీ ఒక సంస్థానంవాళ్ళవి. ఆ అడవిలో కణుజులు ఉండేవి. కణుజు అంటే దుప్పిజాతిలో పెద్దది. ఎద్దంత ఒళ్ళు, చెట్టుకొమ్మల్లా చీలిన కొమ్ములు. ఎవరు పడితే వాళ్ళు కొడితే కొన్నాళ్ళకి ఒక్కటీ మిగలదని సంస్థానంవాళ్ళు ఒక పద్ధతి పెట్టారు. దసరా వెళ్ళాక, డబ్బు కట్టి వేట అడిగిన అందరి పేర్లూ తాటాకు చీట్ల మీద రాసి కుండలో వేసి తీసేవారు. పేరొచ్చినవాడికి ఇత్తడి బిళ్ళ. ఒక బిళ్ళకి ఒక్క కణుజు. కొట్టగానే బిళ్ళని దాని కొమ్ముకి కట్టాలి. ఆ బిళ్ళ ఇంకొకరికి ఇవ్వకూడదు, అమ్మకూడదు. కొట్టిన మాంసం అడవిలో కుళ్ళబెట్టారో, కొమ్ములు సంస్థానానికి పోతాయి, ఆ మనిషి పేరు మళ్ళీ కుండలో పడదు.

ఇక బుచ్చెన్నలాంటి పొరుగు సీమవాళ్ళ సంగతి వేరు. కొండవాళ్ళు బిళ్ళకి కోడి ఖరీదు కడితే పొరుగువాడు ఎద్దు ఖరీదు కట్టాలి. బిళ్ళల్లో కూడా నూటికి తొంభై కొండవాళ్ళకే. ఇదేం అన్యాయం అంటారేమో. ఎండాకాలంలో అడవి అంటుకుంటే మండలు పట్టుకుని మంట ఆర్పేది ఎవరు? కొండవాళ్ళే కదా. పొరుగువాడు వేటకి వస్తాడు గానీ మంటకి రాడు. అందుకని నాకైతే ఆ లెక్క సబబుగానే కనిపిస్తుంది.

ఇందులో ఇంకో మెలిక ఉంది, జాగ్రత్తగా వినండి. చీటీ వేయడానికి కట్టిన డబ్బు, పేరు రాకపోయినా తిరిగి రాదు. కానీ ఓడినవాడి పేరున మరుసటేడు ఒక చీటీ అదనంగా వేస్తారు. ఆ పై ఏడు ఇంకొకటి. ఓడినకొద్దీ చీట్లు పెరుగుతాయి. అయితే ఒక్క ఏడు చీటీ వేయడం మానితే చాలు, అదనపు చీట్లన్నీ తీసి పొయ్యిలో పెడతారు.

బుచ్చెన్న ఒకనాడు సంతలో కణుజు కొమ్ములు మోసుకెళుతున్న వేటగాణ్ణి చూశాడు. జనం దారిచ్చి నిలబడ్డారు. ఉప్పు బస్తాలతో వెళ్ళేవాడికి దారిచ్చినవాళ్ళు ఎప్పుడైనా ఉన్నారా? అంతే, ఆ కొమ్ములు తన గుమ్మం మీద ఉండాలనుకున్నాడు. చీటీకి ఎంతవుతుందని అడిగి డబ్బు కట్టేశాడు. ఆ ఏడు పేరు రాలేదు. పై ఏడూ రాలేదు. చీట్లు పెరుగుతున్నాయి కదా అని మురిసిపోతూ ఏళ్ళ తరబడి కొండకి తిరిగాడు. ఊళ్ళోవాళ్ళు అతనికి కుండ బుచ్చెన్న అని పేరు పెట్టారు. అలా పిలిచినా పలికేవాడు, పాపం.

ఒక ఏడు అకాల వర్షానికి అతని ఉప్పుమళ్ళల్లో ఉప్పంతా కరిగిపోయింది. అమ్మడానికి ఉప్పు లేదు.

"ఈ ఏడు మానెయ్ మావా, చుక్కకి ఉలవలు కూడా లేవు" అంది పైడమ్మ.

"మానేస్తే ఇన్నేళ్ళ చీట్లూ బూడిదైపోతాయే."

"ఉన్నాయని ఏం తిన్నాం?"

బుచ్చెన్న లేచి వెళ్ళిపోయాడు. ఆవిడ వెండి కడియాలు అమ్మి చీటీ వేశాడు. సరిగ్గా ఆ ఏడే అతని పేరు వచ్చింది. బిళ్ళ రుసుము కట్టడానికి ఉన్న ఉప్పుమళ్ళల్లో మంచిది అమ్మేశాడు.

బిళ్ళ ఇచ్చే ఠాణేదారు పెద్దమనిషి. వేట ఎక్కడ, మోతగాళ్ళు ఎవరు, లోయలోంచి జంతువుని ఎలా ఎక్కిస్తావు అని అన్నీ అడిగాడు. కొట్టడం పూట పని, మోయడం రెండు రోజుల పని అని కూడా చెప్పాడు.

"నాకు గుర్రం ఉందండీ" అన్నాడు బుచ్చెన్న.

"ఉప్పు మోసే గుర్రమా?"

"ఉప్పయితేనేం, మాంసమయితేనేం, బరువు బరువే కదండీ."

ఠాణేదారు బిళ్ళ చేతిలో పెట్టాడు.

సంక్రాంతి వెళ్ళాక బుచ్చెన్న అరువు తెచ్చిన తుపాకీ భుజాన వేసుకుని, చుక్కని తీసుకుని బయల్దేరాడు. పైడమ్మ కళ్ళెం పట్టుకుని వదలలేదు. అది బాట మీద నడిచే గుర్రమనీ, రాళ్ళ మీద నడవలేదనీ, మనిషికి ఏమైనా తట్టుకోవచ్చు గానీ దానికేమైనా అయితే ఇంటిల్లిపాదీ పస్తేననీ నచ్చచెప్పింది. చివరికి ఆవిడ వేళ్ళు ఒక్కొక్కటే విడదీసుకుని వెళ్ళాడు.

కొండ కింద పల్లెలో మోతగాళ్ళు ఉండేవారు. వాళ్ళ పెద్ద గాసన్న. డబ్బు లేకపోతే పోనీ, సగం మాంసం ఇచ్చేటట్టయితే తన మనుషులు జంతువుని సంత దాకా దించుతారనీ, కొమ్ములు ఎటూ బాబువేననీ, గుర్రాన్ని ఇక్కడే పాకలో కట్టేసుకోమనీ చెప్పాడు. చూశారా, ఎంత మంచి బేరమో! నడుచుకుంటూ వచ్చి కాళ్ళ దగ్గర పడిన బేరం.

"ఏళ్ళ తరబడి కుండ చుట్టూ తిరిగింది నేను. సగం మీకా?" అన్నాడు బుచ్చెన్న.

"మీ ఇష్టం బాబూ" అన్నాడు గాసన్న.

మరునాడు మధ్యాహ్నానికి, లోయ అడుగున ఏటి పక్కన, బుచ్చెన్న కణుజుని కొట్టాడు. ఒక్క గుండుకే పడింది. కొమ్ముకి బిళ్ళ కట్టాడు. ఆ కొమ్ములు నిమిరాడు. తరవాత తల పైకెత్తి చూశాడు. తను దిగివచ్చిన కొండ అంచు ఎక్కడో మేఘాల పక్కన ఉంది. అప్పటిదాకా అతను ఆ కొండని దిగే చోటుగానే చూశాడు గానీ ఎక్కే చోటుగా చూడలేదు.

ఒక్కడే చీకటి పడేదాకా కోశాడు. పొద్దున్నే ఉప్పు బస్తాలు వేసినట్టే మాంసాన్ని రెండు మూటలు చేసి గుర్రం మీద వేశాడు. ఒక మూట మీద తల, కొమ్ములతో సహా కట్టాడు. కొమ్ములు వదిలేసి తరవాత వచ్చి తీసుకెళ్ళొచ్చు. కానీ వదల్లేదు. బరువు ఒకపక్కకి లాగింది. జీవితంలో ఎన్నడూ నెత్తురు వాసన ఎరగని చుక్క చెవులు వెనక్కి పెట్టి వణికిపోయింది. అయినా యజమాని పద అన్నాడని నడిచింది. జంతువులు మనలా వాదించవు కదా.

సగం ఎక్కాక ఒక జారుడు బండ దగ్గర కొమ్ము మొన గుర్రం డొక్కలో గుచ్చుకుంది. చుక్క ఉలిక్కిపడి పక్కకి దూకింది. అక్కడ నేల లేదు. మూటలతో సహా దొర్లుకుంటూ వెళ్ళి కింద రాళ్ళ మీద పడింది. బుచ్చెన్న పడుతూ లేస్తూ దిగేసరికి దాని ముందుకాళ్ళు రెండూ విరిగిపోయి ఉన్నాయి. లేవాలని చూస్తోంది. అతను వద్దమ్మా, వద్దు అంటూ మెడ పట్టుకుని కూచున్నాడు. ఎండెక్కింది. మూటల మీద ఈగలు ముసిరాయి. పైన గద్దలు తిరుగుతున్నాయి. గుర్రం మూలుగు ఆగలేదు. ఇక చూడలేక తుపాకీలో మందు దట్టించాడు.

ఆ చప్పుడు విని గాసన్న మనుషుల్ని వెంటబెట్టుకుని కోపంగా దిగివచ్చాడు. "బిళ్ళకి ఒక్కటే కదా బాబూ. రెండో దెబ్బ దేన్ని కొట్టావు?" అని అడిగాడు.

బుచ్చెన్న పక్కకి జరిగాడు. గాసన్న చూశాడు. భుజం మీది గుడ్డ తీసి గుర్రం కళ్ళ మీద కప్పాడు.

మాంసం అప్పటికే పాడైపోయింది. ఠాణేదారు చెడ్డవాడు కాదు గానీ, కట్టుబాటు కట్టుబాటే. కొమ్ములూ బిళ్ళా తీసేసుకున్నాడు. బుచ్చెన్న చీట్లన్నీ పేరు వచ్చిన నాడే చెల్లిపోయాయి, ఇక ముందూ ఉండవు. అతను ఖాళీ కళ్ళెం భుజాన వేసుకుని ఊరికి నడిచాడు. గుమ్మంలో పైడమ్మ అతన్నీ, అతని వెనక దారినీ చూసింది. చెంబుతో నీళ్ళు ఇచ్చి లోపలికి వెళ్ళి తలుపు వేసుకుంది. తిట్టి ఉంటే బాగుండేదని బుచ్చెన్న తరవాత చాలామందితో అన్నాడు.

పై సంతకి మొగుడూ పెళ్ళాం చెరో గంప ఉప్పు నెత్తిన పెట్టుకుని నడిచారు. గుర్రం ఒక రోజులో వెళ్ళే దారి వాళ్ళకి మూడు రోజులు పట్టింది. వెళ్ళేసరికి సంత ఎత్తేశారు.

అందుకే పిల్లలూ, పెద్దలు కూడా వినండి: దేన్నయినా సంపాదించడానికి ఎంతవుతుందో తెలుసుకుంటే చాలదు, దాన్ని ఇంటికి చేర్చడానికి ఎంతవుతుందో కూడా ముందే తెలుసుకోవాలి, లేకపోతే ఆ మిగతా ఖరీదు మనల్ని నమ్ముకున్నవాళ్ళు చెల్లించాల్సి వస్తుంది.