తూముగుంటలో పెద్దసభ

రత్నగిరిని ఏలే వీరకేతు మహారాజుకు ఉన్నట్టుండి ప్రజల మీద ప్రేమ పుట్టింది. అదీ పొద్దున్నే పెరుగన్నం తింటుండగా పుట్టింది. చెయ్యి కడుక్కుని నేరుగా పెద్దసభకు వచ్చేశాడు.

"శాసనాలు చేసేది మనం, మోసేది పల్లెలవాళ్లు. వాళ్లు ఈ సభ మొహం ఎరగరు, సభ వాళ్ల మొహం ఎరగదు. సభను పల్లెకు దగ్గర చెయ్యాలి. ఎవరు చేస్తారు?" అన్నాడు.

మహామంత్రి విశ్వంభరుడు చటుక్కున లేచాడు. రాజు నోట మాట రాకముందే లేవడం ఆయనకు అలవాటు.

"ఎంత పని ప్రభూ! తూముగుంటలో సభ తీర్చేద్దాం. కోట కళ్లం శాసనం సిద్ధంగా ఉంది కదా. రైతుల సమ్మతి కళ్లారా చూసి, అక్కడే ముద్ర వేద్దురుగాని."

ఆ శాసనం మంత్రిగారి సొంత బిడ్డ. ఇకమీదట ఏ ఊళ్లో వరి కోసినా పనలన్నీ కోటకు మోసుకొచ్చి, అక్కడి కళ్లంలోనే నూర్చుకోవాలి. ఎందుకయ్యా అంటే, అంతా ఒక్కచోట ఉంటే చూడ ముచ్చటగా ఉంటుందట!

ఊళ్లో ఈ సంగతి చాటి రమ్మని ఎల్లమందను ముందుగా పంపారు. ఎల్లమంద కట్టియవాడు. రాజు ముందు నడుస్తూ బిరుదులు అరవడం అతని కొలువు. అతను గొంతెత్తితే కోటగోడ మీద పావురాలు లేచిపోతాయి.

తూముగుంట కళ్లంలో నాంచారమ్మ అనే ముసలమ్మ అతనికి ముంతెడు అంబలి పోసి, కబురంతా విని, నెత్తిన చెయ్యి పెట్టుకుంది.

"ఆరు క్రోసులు మొయ్యాలా? దారంతా గింజ రాలిపోదూ! కోట చేరేసరికి మాకు మిగిలేది గడ్డే. పిల్లాజెల్లా ఏం తినాలి నాయనా? కాస్త రాజుగారి చెవిన వెయ్యవూ?"

"నాకు నోరిచ్చింది పొగడ్డానికేనమ్మా," అన్నాడు ఎల్లమంద.

అన్నాడే గానీ, ముంత సగంలోనే దించేశాడు. తన తండ్రీ ఇలాంటి కళ్లంలో చెమటోడ్చినవాడే.

సభ రోజు రానే వచ్చింది. ఊరి వెలుపల పట్టు డేరా వేశారు, తివాచీలు పరిచారు. డేరాకు నూరు బారల అవతల మోకు కట్టి, ఊరివాళ్లందరినీ దాని వెనక నిలబెట్టారు. మోకు వెంట భటులు. సభ ఎంత దగ్గరికొచ్చిందంటే, ఊళ్లోవాళ్లకు డేరా కొన మాత్రం బాగా కనిపించింది.

డేరా ముందు మాత్రం నలభైమంది రైతులు కూర్చున్నారు. తెల్లటి తలపాగాలు, కొత్త గొంగళ్లు. ఎల్లమంద వాళ్ల మొహాలు తేరిపార చూశాడు. గొంగడి కప్పుకున్నవాడు గజశాలలో గంట కొట్టేవాడు. ముల్లుగర్ర పట్టుకున్నవాడు అంతఃపురానికి పూలు కట్టేవాడు. అసలు రైతులు ఏం కూస్తారోనని మంత్రిగారు కోట నుంచే రైతుల్ని తెచ్చుకున్నారన్నమాట!

"రైతు సోదరులారా, శాసనం సమ్మతమేనా?" అన్నాడు మంత్రి.

"సమ్మతం! సమ్మతం!" అని నలభై గొంతులు ఒక్కటిగా పలికాయి.

రాజు మురిసిపోయాడు. లక్క కరిగించారు. ఆయన వేలి నుంచి ముద్రుంగరం తీశాడు.

ఎల్లమంద అటూ ఇటూ చూశాడు. వీళ్లు రైతులు కారంటే కట్టియవాడి మాట ఎవరు నమ్ముతారు? పైగా తల పోతుంది. తూర్పున దూదిపింజంత మబ్బు ఒకటి కనిపించింది. అంతే, గుండెల నిండా ఊపిరి పీల్చి గొంతెత్తాడు.

"వానొచ్చే! వానొచ్చే!"

ఓహో, చూడాలి అప్పుడు! ముందు వరసలోని నలభైమందీ తలపాగాలు పట్టుకుని ఒకరి మీద ఒకరు పడుతూ డేరాలో దూరారు. మోకు వెనకవాళ్లు మాత్రం భటుల్ని తోసుకుని, మోకు తెంపుకుని, డేరా వంకైనా చూడకుండా కళ్లం వైపు పరుగెత్తారు. వడ్లు అక్కడ ఆరబోసి ఉన్నాయి మరి.

రాజు ఆకాశం చూశాడు. చుక్క పడలేదు.

"ఏరా ఎల్లమందా, వాన ఏదిరా?"

"వాన రాలేదు ప్రభూ. రైతులెవరో తెలిసొచ్చింది."

మంత్రి మొహం కందిపోయింది. "ప్రభూ, డేరాలోకి వచ్చినవాళ్లు బుద్ధిమంతులైన రైతులు!"

"తల తడిస్తే తుడుచుకోవచ్చు మంత్రిగారూ. గింజ తడిస్తే మొలకొస్తుంది. ఆ సంగతి తెలియనివాడు ఏ ఊరి రైతు?" అన్నాడు ఎల్లమంద.

రాజు ఉంగరం వేలికి పెట్టుకుని, తివాచీ దిగి, కళ్లానికి నడిచాడు. సభంతా వెనకాలే పరుగు. వడ్ల మీద చాప కప్పుతున్న నాంచారమ్మ వంచిన తల ఎత్తకుండానే, "ఎవరయ్యా అది, ఊరికే నిలబడతావేం? ఆ చాప కొస పట్టుకో!" అని కసిరింది. మహారాజు వంగి కొస పట్టుకున్నాడు.

"అవ్వా, కోట కళ్లం శాసనం నీకు సమ్మతమేనా?"

"సమ్మతమే నాయనా, మోపులు ఆ రాసినాయన మోస్తానంటే!"

రాజు పకపకా నవ్వాడు. "న్యాయమే. మంత్రిగారూ, ఒక మోపెత్తుకోండి. కోట దాకా."

మంత్రి మోపెత్తుకుని ఇరవై అడుగులు వేశాడు. గింజలు జలజలా రాలాయి. ఊరి కోళ్లన్నీ వరసకట్టి ఏరుకుంటూ ఆయన వెంట పడ్డాయి. ఊరు ఊరంతా విరగబడి నవ్వింది.

రాజు శాసనం అక్కడే చింపేశాడు. చేతి బంగారు కడియం తీసి ఎల్లమందకు తొడిగి, "మంత్రిగారు ఒంటరిగా పోవడం బాగుండదు, ముందు నడువు," అన్నాడు.

ఎల్లమంద ముందుకొచ్చి, కొలువు మర్యాద ఏమాత్రం తప్పకుండా గొంతెత్తాడు.

"పరాకు! పరాకు! సభను పల్లెకు దగ్గర చేసిన మహామంత్రిగారు వేంచేస్తున్నారు! కోళ్లారా, తప్పుకోండి!"