గుమ్మలవాగు వంతెన మీద వేసిన ప్రశ్న

విశ్వనాథం గారిని ఏమడిగినా సూటిగా జవాబు చెప్పేవారు కాదు. ఏళ్ల తరబడి శాసనసభలో కూర్చుని, సూటి జవాబు కోసం మంత్రుల వెంటపడిన మనిషికి ఈ అలవాటు ఎలా అబ్బిందో అని ఊళ్లోవాళ్లు నవ్వుకునేవారు. ఆయన ఉపన్యాసం ఒక్కటీ ఎవరికీ గుర్తులేదు, గొంతు అంత పీల. కానీ ఆయన రాసి ఇచ్చిన ప్రశ్నలంటే సచివాలయంలో హడలు. అందుకే కొత్తగా గెలిచినవాళ్లు పని నేర్చుకోవడానికి ఆయన వసారాకు వచ్చేవారు.

ఆ ఏడు మొదటిసారి గెలిచిన తెల్లం వీరమణి ఒక సాయంత్రం చెప్పులు విడుస్తూనే అడిగింది.

"మాస్టారూ, కాగితం మీద ప్రశ్న రాసి ఇస్తే ఒరిగేదేమిటి?"

ఆమె బెంగ ఊరికే పుట్టింది కాదు. తన మన్యంలో గుమ్మలవాగు మీది వంతెన ఒక స్తంభం దగ్గర కుంగింది. బడిపిల్లల బస్సు రోజూ దానిమీంచే పోతుంది. వానలు ముంచుకొస్తున్నాయి. "గుమ్మలవాగు వంతెన ప్రమాదకరంగా ఉన్న మాట నిజమేనా? అయితే తీసుకున్న చర్యలేమిటి?" అని ఆమె సభకు రాసి ఇచ్చింది. మొదటిదానికి "కాదండి" అనీ, రెండోదానికి "ఈ ప్రశ్న ఉత్పన్నం కాదు" అనీ మంత్రిగారి జవాబు వచ్చింది. ఇప్పుడు ఏ అధికారిని కదిలించినా, సభలోనే తేలిపోయింది కదమ్మా అంటున్నాడు. కుంగిన వంతెనకు తానే చేజేతులా సర్టిఫికెట్ ఇప్పించానన్న దిగులుతో ఆమెకు తిండి సయించడం లేదు.

"ఈసారి రాయను. పోడియం దగ్గరికెళ్లి అరుస్తాను," అంది.

ఆయన వంటింటివైపు తిరిగి, "కామాక్షీ, కాఫీపొడి అయిపోయిందా?" అన్నారు.

"లేదండీ," అంది ఆయన భార్య, పప్పు రుబ్బుతున్న చోటునుంచి కదలకుండానే.

వీరమణికి ఒళ్లు మండింది. పిల్లల ప్రాణాల మాట చెబుతుంటే ఈయనకు కాఫీ గోలేమిటి? నిజానికి ఆ ఇంట్లో కాఫీ పాత తగాదాయే. డాక్టరు వద్దన్నాడు, ఈయన మానరు. అదలా ఉంచండి.

"ఎందరికి సరిపోతుంది?" అని ఆయన మళ్లీ అడిగారు.

లోపల రుబ్బే చప్పుడు ఆగింది. పీట జరిగింది. డబ్బా మూత తీసిన శబ్దం వినిపించింది. కాసేపటికి కామాక్షమ్మ చెయ్యి కొంగుకు తుడుచుకుంటూ గుమ్మంలోకి వచ్చింది.

"ఒక్కరికే ఉంది. అమ్మాయికిస్తాను. మీరు మజ్జిగ తాగండి."

"ఇందాక అయిపోలేదన్నావే?"

"అయిపోలేదుగా. అబద్ధమాడానా?" అని ఆవిడ లోపలికి వెళ్లిపోయింది.

వీరమణి నవ్వలేదు. ఇందాక డబ్బా మూత చప్పుడు వినిపించిన వంటింటివైపు చూసింది. తర్వాత సంచిలోంచి కాగితం తీసి, మోకాలి మీద పెట్టుకుని రాసింది: "గుమ్మలవాగు వంతెన కిందికి దిగి ఆఖరుసారి చూసిన ఇంజనీరు పేరేమిటి? ఎప్పుడు చూశారు? కుంగిన స్తంభం ఎంత బరువు మోస్తుందని ఆయన రాశారు?"

ఆయన కళ్లజోడు పెట్టుకుని చదివారు. ఏమీ దిద్దకుండా తిరిగి ఇచ్చేశారు.

అయినా ఆమె గుండె కుదుటపడలేదు. కామాక్షమ్మ తెచ్చిచ్చిన కాఫీ చేతిలోనే చల్లారిపోతోంది.

"జవాబొచ్చేసరికి వానలు పడిపోతాయి మాస్టారూ. ఈలోగా ఆ బస్సు..." అంది.

విశ్వనాథం గారు మజ్జిగ గ్లాసు అందుకున్నారు.

"జవాబు నీదాకా రావడానికి నెల పడుతుందమ్మాయ్. అందులో తన పేరు రాసుకోవాల్సినవాడికి మాత్రం ఈ ప్రశ్న చేరిన రాత్రినుంచే నిద్ర పట్టదు."