నల్లుల సహపంక్తి

పేరయ్య గదిలో ఓ పాత నులక మంచం. మంచం కింద చుక్కపిల్లి కాపురం, మంచం సందుల్లో నల్లుల కాపురం. కుట్టేది నల్లులు, తిట్లు పిల్లికి.

ఆవేళ పొద్దున్నే పేరయ్య వీపు గోక్కుంటూ లేచాడు. "వరసగా దద్దుర్లే! అంతా ఆ పిల్లి ఒంటి పురుగులే. సాయంత్రం దాన్ని గోనెసంచిలో కట్టి ఏటి అవతల వదిలేస్తా" అన్నాడు. భార్య మంగతాయారు సంచి దులిపి గుమ్మం పక్కన పెట్టింది కూడా.

చుక్క చెవిన ఆ మాట పడింది. ఏటి అవతల అన్నీ కుక్కలే! మంచంకోడు దగ్గర చేరింది.

"నల్లి పెద్దయ్యా! ఎగరలేవు, దూకలేవు. అయ్యగారు పడుకున్నారని నీకెలా తెలుస్తుందయ్యా?"

సందులోంచి మీసం ఊగింది. "వెచ్చటి ఒళ్ళు, వదిలే ఊపిరి. ఆ రెండూ చాలు, నడిచొచ్చేస్తాం. చీకట్లో భోజనం, వెలుగొస్తే సందు. నెలల తరబడి పస్తులున్నా చావం. మమ్మల్ని పట్టేవాడు ఇంకా పుట్టలేదే పిల్లీ!"

"పట్టడానికి ఉంటే కదా! నలుగురే మిగిలారని బల్లి ఇల్లంతా చెబుతోంది."

"నలుగురా! ఆ తోకతెగినదాని మాటా! నా మనవల బారే ఈ నులకంత పొడుగు!"

"కళ్ళారా చూస్తేగాని నమ్మను. మధ్యాహ్నం అయ్యగారు కిటికీ ఓరగా మూసి కునుకు తీస్తారు. కొత్త తెల్లదుప్పటి వేశారు. అందరూ బంతికి కూర్చోండి. బల్లి నోరు నేను మూయిస్తా."

"పగటిపూట బయటికెళ్ళడం మన ఇంటావంటా లేదురా" అని ఓ ముసలి నల్లి సణిగింది.

"పరువు పోతుంటే పగలేమిటి, రాత్రేమిటి!" అన్నాడు పెద్దయ్య.

పేరయ్య గురక మొదలైంది. నల్లులు దుప్పటి మీద బారులు తీరాయి.

"సర్దుకోండర్రా! పిల్లల్ని ముందు కూర్చోబెట్టండి. బంతి నిండి, నేను గోవిందా అనేదాకా ఎవడూ మూతి పెట్టకూడదు!"

బంతి నిండింది. పెద్దయ్య "గో..." అన్నాడు.

చుక్క ఎగిరి కిటికీ రెక్క మీద పడింది. ధడేల్! గది నిండా ఎండ.

నల్లులు సందులకేసి పరుగు. పరుగంటే నడకే కదా, ఎంత దూరం పోతాయి!

పేరయ్య కళ్ళు నులుముకున్నాడు. "ఏమేవ్! నా పక్కమీద ఎర్రకందులు ఆరబోశావేమిటే?"

మంగతాయారు వంగి చూసింది. "కందులకి కాళ్ళుంటాయిటండీ?"

ఇంకేముంది! మంచం వాకిట్లో మండుటెండలోకి, మరిగిన నీళ్ళు సందుల్లోకి, దుప్పటి గోనెసంచిలోకి. చుక్కకి గిన్నెడు మీగడ.

కోడు చివర వేలాడుతూ పెద్దయ్య వాపోయాడు. "కుట్టినన్నాళ్ళూ సుఖంగా ఉన్నాం. కూర్చున్న పూటే కొంప మునిగింది!"

అందుకే పిల్లలూ, చాటున బతికేవాడు గొప్పలకి పోయి గుమ్మంలో నిలబడకూడదు.