తుమ్మితే నిండినట్టే

గుమ్మళ్ళ వారికి తమ తెలివంటే మహా గొప్ప. "చెప్పింది చెప్పినట్టు చెయ్యడంలో మమ్మల్ని మించినవాళ్ళు ఈ చుట్టుపక్కల లేరు" అని వీధిలో చెప్పుకునేవాళ్ళు. నిజమే, లేరు. అదే కదా బాధ!

ఆ ఇంటి కొడుకు తాతారావు కూర్చుంటే మంచం ఏడ్చేది. సన్నబడతాడని పట్నం తీసుకెళ్ళి, ఆపరేషన్ చేయించి, పొట్ట చిన్నది చేయించారు. ఇంటికి పంపిస్తూ డాక్టరమ్మ జాగ్రత్తలు చెప్పింది.

"కడుపు నిండితే ఇదివరకులా తెలియదు. కొందరికి ముక్కు కారుతుంది, కొందరికి ఎక్కిళ్ళొస్తాయి. ఇతనికి తుమ్ము వస్తోంది. తుమ్మాడంటే నిండినట్టే. ఇంక ఒక్క ముద్ద కూడా పెట్టకండి."

"మాకు ఒకసారి చెబితే చాలమ్మా!" అంది తల్లి నూకాలమ్మ.

మర్నాడు భార్య మంగతాయారు అన్నం మెత్తగా వండి, పప్పులో ఎండుమిరపకాయల పోపు వేసింది. ఘాటు ఇల్లంతా కమ్మేసింది. తాతారావు ముద్ద కలిపి నోటిదాకా తెచ్చి "హాచ్!" అన్నాడు. అంతే, తల్లి కంచం లాగేసింది.

"అమ్మా, ఇంకా నోట్లో పెట్టుకోలేదే!"

"పెట్టుకోకుండానే నిండిందంటే ఆపరేషన్ ఎంత బాగా కుదిరిందో చూడు, నాయనా!"

ఇంతలో తల్లీ తుమ్మింది, భార్యా తుమ్మింది. బావమరిది అప్పలకొండ అయితే గోడ పట్టుకుని మరీ తుమ్మాడు. ఇంకేముంది, అందరి కడుపులూ నిండిపోయాయి! వండిందంతా గేదె కుడితిలో పోసి, త్రేన్పులు ఎందుకు రావడం లేదా అని ఆలోచిస్తూ కూర్చున్నారు.

అప్పలకొండ బుర్ర మెరిసింది. "తుమ్మితే నిండుతుందని తెలిశాక ఇంకా బియ్యం దేనికే అక్కా?" అని ముక్కుపొడుం డబ్బా తెచ్చాడు. అంతే, పొయ్యి ఆరిపోయింది. పొద్దున చిటికెడు, రాత్రి చిటికెడు. ఆదివారం మాత్రం విందు, రెండు ముక్కుల్లోనూ పెట్టుకునేవాళ్ళు.

"ఒరేయ్ అప్పలకొండా, ఆకలితో చచ్చిపోతున్నాన్రా!" అని మొత్తుకున్నాడు తాతారావు.

"ఊరుకో బావా! ఇందాకేగా అన్ని తుమ్ములు తుమ్మావు. అంత తిన్నవాడికి ఆకలేంటి?"

"అన్ని తుమ్మాడా? పొట్ట పగిలిపోదూ!" అని నూకాలమ్మ హడలిపోయి, కొడుకు పొట్ట చుట్టూ పాత చీర బిగించి కట్టింది. ఆ కట్టుతోనే పాపం తాతారావు కళ్ళు తిరిగి పడ్డాడు. తిండెక్కువై పడ్డాడని ఏడుస్తూ ఆటోలో వేసుకుపోయారు.

డాక్టరమ్మ అంతా విని తల పట్టుకుంది. "తిండి లేక పడ్డాడు తల్లీ! మీ పుణ్యముంటుంది, ఆ తుమ్ముల సంగతి మరిచిపోండి. నిండిందో లేదో కడుపునే అడగండి" అని సెలైన్ ఎక్కించి పంపింది.

ఇంటికొచ్చాక మంగతాయారు పప్పన్నం వడ్డించింది. ఎన్నాళ్ళకో అన్నం చూసి తాతారావుకి కళ్ళనీళ్ళు తిరిగాయి. ముద్ద ఎత్తబోయాడు.

"ఆగు! ముందు అడగాలి" అని తల్లి చెయ్యి పట్టుకుంది. ముగ్గురూ వంగి బొడ్డు దగ్గర చెవులు పెట్టారు.

మొగుడి కడుపు కదా, మంగతాయారు మర్యాదగా అడిగింది. "కడుపుగారూ, నిండిందాండీ?"

"గుర్ర్ర్ర్..." అంది కడుపు.

మంగతాయారు ఎగిరి వెనక్కి పడింది. "అమ్మో, కరిచేలా ఉందత్తయ్యా!"

"నిండాక మళ్ళీ పెడతామంటే కోపం రాదూ మరి!" అని నూకాలమ్మ కంచం ఎత్తుకుపోయింది.

తాతారావు కంచం వైపు చేతులు చాచి బావురుమన్నాడు.

"చూశారా! కడుపు నిండితే మనిషికి ఎంత ఆనందమో" అని అప్పలకొండ కూడా కళ్ళొత్తుకున్నాడు.