చదవని కొలత

జ్యేష్ఠ బహుళ తదియనాడు, రాజుగారు పొలాలు కొలిపిస్తున్నప్పుడు, కుమ్మరి బయ్యమ్మకు అన్యాయం జరిగింది. కొలగడ వేసేవాడు ఆమె పొలం చివరినుంచి "ముప్పై ఆరు గడలు!" అని అరిచాడు. గొడుగు నీడలో తాంబూలం నములుతున్న కరణం చయనప్ప ఇరవై ఆరని రాశాడు. మిగిలిన పది గడల నేల రాజుగారి బంజరైపోయింది.

"రాసింది ఒక్కసారి చదవండి కరణంగారూ!" అని ఆమె మొత్తుకుంది.

"నేను రాశాక మళ్లీ చదవడమేమిటే? పోయి కుండలు చేసుకో!" అన్నాడా మహాపండితుడు.

మర్నాడు కరణం సొంత పొలం వంతు వచ్చింది. ఎవరి పొలం కొలత వాళ్లు రాసుకోకూడదన్నాడు కొలతల అధికారి అమీను. పచ్చికుండల మీద గీసి గీసి అక్షరాలు నేర్చిన బయ్యమ్మ, నేను రాస్తానంటూ గంటం పట్టింది. "యాభై రెండు!" అని కేక వినబడింది. ఆమె రాసి, తాటాకు మూసి, చక్కా కూర్చుంది.

కరణం పంచె ఎగ్గట్టి పరుగెత్తుకొచ్చాడు. "ఏం రాశావే? చదువు!"

"రాశాక మళ్లీ చదవడమేమిటండీ?"

"చదవకపోతే నువ్వు సరిగా విన్నావో లేదో నాకెలా తెలుస్తుందే!"

"విన్నారా అమీనుగారూ? నిన్న నేనేడ్చిన ఏడుపే ఇవాళ కరణంగారు ఏడుస్తున్నారు."

అమీను పకపకా నవ్వి, ఆమె పొలంలో మళ్లీ గడ వేయించాడు. కరణం ఈసారి కేకను గొంతెత్తి తిరిగి చెప్పి, ఊరందరి ముందూ రాశాడు: కుమ్మరి బయ్యమ్మ పొలం, ముప్పై ఆరు గడలు.