నీలవేణి చీటీ

బొబ్బిలి దగ్గర ఒక బడిలో హైమ అనే అమ్మాయి ఉండేది. లెక్కల్లో చురుకే గానీ, పక్కవాళ్ళ చేతిలో ఏది చూసినా ఆమెకు కళ్ళు కుట్టేవి. అందులోనూ నీలవేణి అంటే మరీను. మేష్టారు నీలవేణిని "భేష్" అంటే చాలు, ఆ పూట హైమకు అన్నం సయించేది కాదు.

జిల్లా లెక్కల పోటీకి బడి నుంచి ఒక్కరే వెళ్ళాలి. వెళ్ళాలని హైమకు ప్రాణం లాగేస్తోంది. తీరా చూస్తే ఇద్దరికీ మార్కులు సమానంగా వచ్చాయి. వరహాలు మేష్టారు రెండు చీటీలు మడిచి బల్ల మీద వేశారు.

"చీటీలో ఒక అంకె ఉంటుంది. అన్ని పుల్లలున్నాయనుకుని కట్టకు రెండు చొప్పున కట్టండి, మిగిలినవి విడి. కట్టలో ఎన్నుంటే అన్ని కట్టలు ఒక మోపు. తర్వాత మోపులూ కట్టలూ విడివీ అన్నే ఉంచి, కట్టకు మూడు అనుకుని లెక్కపెట్టి, ఒకటి తీసేయండి. మిగిలినది మూడేసి చొప్పున కట్టి, ఈసారి కట్టకు నాలుగు అనుకోండి. మళ్ళీ ఒకటి తీసేయండి. ఇలా కట్ట పెరుగుతూనే ఉంటుంది. ముందు సున్నాకు చేరినవాళ్ళే పోటీకి!" అన్నారు.

హైమ ముందుగా ఒక చీటీ తీసుకుంది. విప్పబోతూ పక్కకు చూసింది. నీలవేణి తన చీటీ చూసుకుని నవ్వుతోంది. హైమకు కడుపు మండిపోయింది.

"నీ చీటీ నాకియ్యవే!"

"నీది నువ్వింకా విప్పనే లేదు కదే!"

"నాకదే కావాలి."

"ఇందులో నాలుగుంది. చూడ్డానికి చిన్నదే గానీ మోపు కడుతుంది. చాంతాడంత లెక్క. అందుకే నవ్వొచ్చింది."

'ఇవ్వడం ఇష్టంలేక ఎన్ని మాటలో!' అనుకుంది హైమ. మేష్టారిని అడిగింది.

"ఇద్దరికీ ఇష్టమైతే మార్చుకోండమ్మా. మళ్ళీ వెనక్కి ఇవ్వడం ఉండదు" అన్నారాయన.

మార్చుకున్నారు. నీలవేణికి మూడు వచ్చింది. అంటే ఒక కట్ట, ఒకటి విడి. కట్టకు మూడైతే నాలుగు. ఒకటి తీస్తే మూడు, సరిగ్గా ఒక కట్ట. కట్టకు నాలుగైతే నాలుగు. ఒకటి తీస్తే మూడు. ఇక కట్టే లేదు, అన్నీ విడివే; తగ్గడమే గానీ పెరగడం ఉండదు.

హైమది ఒక మోపు. కట్టకు మూడు అనేసరికి మోపు తొమ్మిదయింది. ఒకటి తీస్తే ఎనిమిది, అంటే రెండు కట్టలు, రెండు విడి. ఓరకంట చూసింది. నీలవేణి ఇంకా మూడు దగ్గరే ఉంది. 'నాదే పెద్దది!' అని మురిసిపోయింది. తర్వాత తొమ్మిది, పది, పదకొండు. మళ్ళీ పదకొండు. మళ్ళీ పదకొండే!

"రెండు, ఒకటి, సున్నా! అయిపోయింది మేష్టారూ!" అంది నీలవేణి.

మేష్టారు హైమ పలక చూశారు. "నాలుగు నుంచి సున్నాకు చేరాలంటే ఇరవై ఒక్కసార్లు చెయ్యాలమ్మా. మూడుకైతే అయిదే."

హైమ నీలవేణి ముందున్న చీటీ వంక చూసింది. అది తను తీసినదే. విప్పి చూసుకుని ఉంటే పోటీకి తనే వెళ్ళేది. తప్పు మోపడానికి ఎవరూ దొరకక, ఆ అమ్మాయి భోరున ఏడ్చింది.

నీతి: ఎదుటివారి చేతిలోది చూసి కుళ్ళుకునేవారు తమ చేతిలోని అదృష్టాన్ని తామే పోగొట్టుకుంటారు.